గానుగ గంగులమ్మ పెట్టిన పరీక్ష

కాళ్లు విరిగి, కట్లు విప్పిన భటులు రాజవైద్యుడి తైలం రాసుకుని, రోజూ కోట చుట్టూ నడిచి బాగయ్యారట. అందుకని ఆ వైద్యుడు భైరవభట్టు, మోకాళ్ల నొప్పులని పల్లకీ దిగకుండానే, ఒక ఊరు తనకు అగ్రహారంగా ఇమ్మని రాజును అడిగాడు.

అది గానుగాడే గంగులమ్మ ఊరు. ఆమె ఊరుకుంటుందా?

"మహారాజా, ఈసారి సగం మంది భటులకి ఆ తైలం, సగం మందికి నా నువ్వుల నూనె ఇద్దాం. ఏ ముంతలో ఏముందో రాసుకునేవాళ్లకీ, ఈ వైద్యులయ్యగారికీ తెలియకూడదు."

అందరూ రోజూ కోట చుట్టూ నడిచారు; నెల తిరిగేసరికి అందరూ ఒకేలా బాగయ్యారు.

"అయితే నీ నూనెకీ మహిమ ఉందన్నమాట!" అన్నాడు రాజు.

"నా నూనెకా? పోపుకి తప్ప పనికిరాదు. మహిమ ఆ నడకదేమో! తేల్చాలంటే, తైలం రాసుకుని నడవకుండా కూర్చునేవాళ్లు కావాలి."

"అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారు?"

"అయ్యగారే ఉన్నారుగా! పదేళ్లుగా ఆ తైలమే రాసుకుంటున్నారు, పల్లకీ మాత్రం దిగలేదు."