గిజిగాడి ఎనిమిది బుట్టలు

ఎండలు ముదరకముందే వాగు ఒడ్డున మద్దిచెట్టు దగ్గర అడవి జంతువులన్నీ సంత పెట్టుకుంటాయి. చేత్తోనో ముక్కుతోనో చేసిన సరుకే అక్కడ అమ్మాలి, అదీ ఆచారం ప్రకారం అందరి ముందూ పరీక్షకి పెట్టాకే. సంతకి పెద్ద, దున్నపోతు వీరభద్రయ్య. మద్దిచెట్టు పక్కనున్న బురదగుంటలో పడుకునే తీర్పులు చెబుతాడు. చెట్టు కింద నీడ మాత్రం తాతలనాటి నుంచీ గిజిగాడు ఓబులేసు వాళ్లది. ఏటా ఎనిమిది గడ్డిబుట్టలు అల్లి అక్కడే వేలాడదీసేవాడు.

ఆ నీడ మీద నక్క జంబన్న కన్ను పడింది. ఎనిమిది బుట్టలవాడికి అంత చోటెందుకు, నలభై తెచ్చేవాడికివ్వమని దున్న చెవిలో ఊదాడు. నలభై అనేసరికి దున్నకి సంబరమైపోయింది. ఈసారి ఎక్కువ తెచ్చినవాడిదే నీడ అనేశాడు. నీడ పోతే ఓబులేసుకి మిగిలేది వాగు అవతల ముళ్లకంపలే. అటువైపు కొనేవాళ్లెవరొస్తారు చెప్పండి?

జంబన్న నాలుగు కోతుల్ని పనిలో పెట్టాడు. మొదటిరోజు గడ్డంతా కోయించి నలభై బుట్టల అడుగులూ అల్లించాడు. గోడలు రెండోరోజు, పిడులు మూడోరోజు అన్నాడు. బుట్ట మొత్తం అల్లడం ఏ కోతికీ రాదు, రానక్కర్లేదన్నాడు. పైగా ఓబులేసు దగ్గరికొచ్చి, నువ్వూ కలిసిపో, ముడులు మాత్రం వేస్తే చాలన్నాడు.

"కోసిన గడ్డి ఆ పూటే అల్లాలి జంబన్నా. ఆరిన అడుగులోంచి పోగు లాగితే అడుగు చిట్లుతుంది" అన్నాడు ఓబులేసు.

"కొనేవాడు అడుగు తిరగేసి చూస్తాడేంటి? నా నలభై ముందు నీ ఎనిమిదీ ఏ మూలకి?"

"మూలకే పోతాను, ముళ్లకంపల్లోకే పోతాను. నేను మొదలుపెట్టిన బుట్టని నేనే ముగిస్తాను. నీ నలభైకి ఒక్క ముడి కూడా వెయ్యను, పో."

పిట్ట కొంచెం కూత ఘనం అని నవ్వుకుంటూ పోయాడు నక్క. రెండోరోజు అడుగులు చిట్లనే చిట్లాయి. కోతులు తెచ్చి చూపిస్తే, తెగిన కొసలు లోపలికి దోపి పైన ఓ ఆకు పరవమన్నాడు. పైన పటారం, లోన లొటారం.

సంత రోజు వచ్చింది. కొండ మీదికి తేనెపట్లు మోసుకుపోవాలని ఎలుగుబంటి ఎల్లమ్మ బుట్ట కోసం వచ్చింది. నలభై బుట్టల వరస చూసి దున్న ఆ నీడని నక్కకి రాసిచ్చేలాగే ఉన్నాడు. అప్పుడు ఓబులేసు ముందుకొచ్చాడు.

"పెద్దయ్యా, మన ఆచారం ఒకటుంది కదా. బుట్ట తెచ్చినవాడు తనకి అన్నిటికన్నా తీపైనది అందులో పెట్టి కొమ్మకి వేలాడదీయాలి. అది కానిచ్చి నీడ ఎవరికైనా ఇవ్వండి."

లెక్కల సంబరంలో ఆచారం మర్చిపోయిన దున్న సిగ్గుపడి సరేనన్నాడు. ఓబులేసు తన ఆడపిట్ట వైపు చూశాడు. ఆమె తలూపింది. ఇద్దరూ కలిసి గూట్లోని రెండు గుడ్లూ తెచ్చి బుట్టలో పెట్టి, బురదగుంట మీది కొమ్మకి కట్టారు. గాలికి బుట్ట ఊగింది. ఆడపిట్ట కళ్లు మూసుకుంది గానీ ఓబులేసు కదల్లేదు. గుడ్లూ కదల్లేదు.

ఇప్పుడు నక్క వంతు. "నాకు నా ప్రాణం కన్నా తీపేముంది?" అని నవ్వి తప్పించుకోబోయాడు.

"అయితే నువ్వే ఎక్కు" అంది ఎల్లమ్మ.

సంతంతా చూస్తోంది. ఎక్కనంటే నలభై బుట్టల పరువూ పోతుంది. తన బుట్టల్లో ఒకదాన్ని అదే కొమ్మకి కట్టించి అందులోకి ఎక్కాడు. రెండు ఊపులు కూడా ఊగలేదు, అడుగు ఊడిపోయింది. జంబన్న దబ్బున బురదలో పడ్డాడు, బుట్ట గోడ నడుముకి వడ్డాణంలా మిగిలింది. పక్కకి జరిగి చోటిస్తూ, అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నాడు దున్న.

ఎల్లమ్మ గుడ్లు జాగ్రత్తగా తీసి ఆడపిట్టకిచ్చి, ఆ బుట్టలోనే తేనెపట్లు నింపుకుని కొండ దారి పట్టింది. నీడ ఓబులేసుకే ఉండిపోయింది. కోతులు తలలు దించుకుని వచ్చి, మాకు బుట్ట మొత్తం నేర్పు మామా అన్నాయి.

"రేపు పొద్దున్నే రండి. ఒక్కొక్కరూ ఒక్క బుట్టకి సరిపడా గడ్డే తెండి. ఒక్క పోగు ఎక్కువ తెచ్చినా వెనక్కి పంపిస్తా" అన్నాడు ఓబులేసు.

తాను ఎక్కడానికి జంకే బుట్టని పదిమందికి అంటగట్టబోయేవాడికి చివరికి దొరికేది బురదే.