బంగారు రంగు డిస్కు

శిష్యులు ఏ ప్రశ్న అడిగినా సింహాద్రయ్యగారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. "చూద్దాం" అనేవారు. ఆ చూడటానికి ఒక్కోసారి పూట పట్టేది, ఒక్కోసారి ఏళ్లు పట్టేవి. సాలూరు చుట్టుపక్కల పల్లెల్లో పాత పాటలు తెలిసినవాళ్లను వెతికి, వాళ్ల చేత పాడించి, టేపుల్లోకి ఎక్కించి, వాటిని కుర్రకారుకు నేర్పడమే ఆయన చేసిన పని. ఆయన దగ్గరికి పాట కోసం వచ్చినవాళ్లు ఓపిక కూడా నేర్చుకుని వెళ్లేవారు.

ఒక వేసవిలో ఆదిబాబు అనే శిష్యుడు రెండు డిస్కులు పట్టుకొచ్చాడు. ఒకటి చవకది, పేరూ ఊరూ లేనిది. రెండోది బంగారు రంగుది, విడిగా పెట్టెలో వచ్చింది. పెట్టె మీద నూరేళ్లు మన్నుతుందని రాసి ఉంది. అప్పుడు వాళ్లను పట్టుకున్న దిగులు ఒక్కటే. గెడ్డ అనే కొండవాగు దాటిన ఆడపడుచు కథను గంటసేపు పాడే సూరీడమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ పాట ఇంకెవరికీ పూర్తిగా రాదు. ఉన్న ఒక్క టేపుకూ బూజు పట్టింది.

"గురువుగారూ, ఈ రెంటిలో దేన్ని నమ్మమంటారు?" అని అడిగాడు ఆదిబాబు.

"చూద్దాం. రెంటిలోనూ ఏదో ఒక పాట ఎక్కించి మేడ మీద ఎండలో పెట్టు."

గుమ్మడి వడియాల పక్కన రెండు డిస్కులూ తళతళలాడుతూ కొన్ని వారాలు ఎండాయి. "ఈ ఏడు ఒక్క కాకి వడియం ముట్టలేదు. రోజూ పెట్టు నాయనా, నీకు పుణ్యముంటుంది" అంది గురుపత్ని. ఎండలు తగ్గాక రెండూ పెట్టి విన్నారు. చవకది వెలిసిపోయి, రెండు చరణాలు పాడి గొంతు పట్టినట్టు ఆగిపోయింది. బంగారు రంగుది మొదటినుంచి చివరిదాకా నిలబడి పాడింది. ఆదిబాబు ఆనందానికి పట్టపగ్గాలు లేవు. సూరీడమ్మ పాటను అలాంటి డిస్కులోకే ఎక్కించాడు. ఎక్కించడం పూర్తయిందో లేదో టేపు తెగి ముక్కలైంది.

"ఇంకొకటి చేసి సూరీడమ్మకియ్యి" అన్నారు గురువుగారు.

"ఆ ఇంట్లోనా? పొయ్యి పొగ, పిల్లల చేతులు. ఆరు నెలలు ఉండదండి."

"ఇయ్యి" అన్నారాయన, అంతే.

ఇచ్చాడు. తన దగ్గరున్నదాన్ని మాత్రం పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఏటా శారదా పూజకు బయటికి తీసి, తడి గంధం పూసి కుంకుమ బొట్టు పెట్టేవాడు. పాట మెరిసే వైపు ఉంటుందని అతని నమ్మకం. అందుకే పాట పేరు రాసిన వైపే బొట్టు పెట్టేవాడు. మర్నాడు ఎండిన గంధాన్ని గోటితో మెల్లగా గీకి, దండం పెట్టుకుని, మళ్లీ బీరువాలో పెట్టేవాడు. అంత భక్తిలో ఒక్కసారి పెట్టి విందామని మాత్రం తోచలేదు.

కొన్నేళ్లకు పక్క ఊరి నుంచి ఇద్దరు ఆడపిల్లలు ఆ పాట నేర్చుకుంటామని వచ్చారు. ఆదిబాబు ఎంతో గొప్పగా డిస్కు తీసి పెట్టాడు. పాటల పెట్టె గరగరమంది, పాట రాలేదు. తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. బొట్టు పెట్టినచోట పూత లేచిపోయి, బొట్టంత వెలుగు అందులోంచి ఇవతలికి వచ్చింది. పాట ఉండేది ఆ పేరు రాసిన పొర కిందనేనని అప్పుడు అర్థమైంది. డిస్కు తీసుకెళ్లి గురువుగారి చేతిలో పెట్టాడు.

ఆయన డిస్కు చూశారు, శిష్యుణ్ణి చూశారు. "చెప్పులేసుకో. సూరీడమ్మ ఇంటికి పోదాం. ఆ పిల్లల్ని కూడా రమ్మను" అన్నారు.

సూరీడమ్మ నులకమంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. గురువుగారిని చూసి మంచి చెయ్యి ఎత్తింది. కోడలు డిస్కును అంచులు పట్టుకుని తెచ్చింది, నిండా ఉన్న పాలగ్లాసు తెచ్చినట్టు. "మా అత్త శుక్రారం శుక్రారం దీపమెట్టినాక ఇది ఇంటాదండి. ఎట్టకపోతే కూడు ముట్టదు. నిరుడు ఒక కాడ తడబడితే సెయ్యెత్తి ఆపించేసింది. నాకైతే ఏటీ తెలీలేదు, ఆవిడ పాట కదా. అయ్యగారికి కబురెట్టినాం."

"మీ పాటల పెట్టెలో తడబడినా, పట్నంలో కంప్యూటరు అప్పటికింకా చదవగలిగింది. కొత్తదానిలోకి మార్పించాను. ఇంకో నెల ఆగితే అదీ చదివేది కాదేమో" అన్నారు గురువుగారు.

పాట మొదలైంది. గెడ్డ పొంగింది, ఆడపడుచు ఒడ్డున నిలబడింది. ఆడపిల్లలిద్దరూ నేల మీద చతికిలబడి నోళ్లు కదుపుతున్నారు. మంచం మీద సూరీడమ్మ పెదాలు కూడా కదులుతున్నాయి. ఒకచోట పిల్లలు చరణం తప్పితే ఆమె మంచంపట్టె మీద వేలితో కొట్టింది. పిల్లలు ఉలిక్కిపడి సరిచేసుకున్నారు. గంటసేపూ పాట ఎక్కడా తొణకలేదు. ఆదిబాబు గుమ్మం దగ్గరే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

తిరిగి వచ్చే దారిలో ఆదిబాబు అడిగాడు. "గురువుగారూ, మిగతా పాటలన్నీ ఎక్కించాలి కదా. ఈసారి ఏ డిస్కు కొనమంటారు?"

"బంగారు రంగుదే కొను, మంచి సరుకు. ఎండలో నువ్వే చూశావుగా" అన్నారు సింహాద్రయ్యగారు. నాలుగడుగులు వేసి, కండువా సర్దుకుంటూ అన్నారు: "శుక్రవారాలు మాత్రం ఏ కొట్లోనూ దొరకవు."