సుంకమ్మ ముద్ద

కంబళ్ళు నేసే ఓబులేసుకు పెండ్లాం సుంకమ్మ పోయినంక తిండి యాడ నిలపాల్నో తెలీకుండా పోయింది. తినక చిక్కిపోయింటే జనం అయ్యో అందురు. ఈయప్ప తినీ తినీ ఉబ్బిపోయినాడు. మగ్గం గుంతలో దిగితే మళ్ళా లేయలేడు. నాలుగడుగులేస్తే ఆయాసం.

"ఆలి పోయినోడు ఎండిపోతాడు గానీ, వీడేందిరా పొట్టేలు మాదిరి బలిసినాడు!" అని ఊర్లో నవ్విరి.

వాళ్ళకేం తెలుసు. సుంకమ్మ దినాల నాడు కూడు పెడితే కాకి ముట్టలే. ఎంతసేపు చూసినా ఒగటి గూడా వాలలే. "ఆయమ్మ ఆకలితోనే పోయిందప్పా" అని ఎవరో ముసలామె అనేసింది. ఆ మాట ఓబులేసు గుండెలో ముల్లు మాదిరి దిగబడింది. ఆ పొద్దు నుంచి ఇద్దరికీ సంగటి కెలుకుతాడు. తన ముద్ద తింటాడు. ఆమె ముద్దా తింటాడు. ఆమెకు చేరాలని.

ఆయన గురువు గుట్ట మింద దర్గాలో ఉండే దస్తగిరి సాబు. ఒక బేస్తారం నాడు ఈడ్చుకుంటా గుట్టెక్కి, ముసలాయన కాళ్ళ కాడ కూలబడినాడు.

"సామీ, కడుపు చాలు చాలంటాది. చెయ్యి ఇనదు. ఇట్లే పోయేటట్టుండా. నేను పోతే పోతి, ఆమెను ఆకలితో ఎట్ల ఇడ్సిపెట్టేది?"

సాబు మూలనున్న పొయ్యి దిక్కు చెయ్యి చూపిచ్చినాడు.

"పొద్దున్నుంచి నేనేమీ తినలేదప్పా. పొయ్యి ముట్టించు" అన్న్యాడు.

ఓబులేసు సంగటి కెలికి, ముద్దలు చేసి, గోంగూర పులుసు పోసి, తట్ట ఆయన ముందర పెట్టినాడు. సాబు ఆ తట్టను మళ్ళా ఓబులేసు దిక్కే తోసినాడు.

"నువ్వు తిను. నా ఆకలి తీరాల."

"అదెట్ల సామీ?"

"తిను నాయనా."

గురువు మాట. తిన్న్యాడు. ముద్ద అయిపోయి త్రేపు వచ్చింది. అప్పుడే సాబు కడుపు గుర్రుమనింది.

"ఇంగా ఆకలిగానే ఉందప్పా. ఇంగోటి తిను."

తిన్న్యాడు. సెమట కారిపోతాంది. ఊపిరి ఆడడంలే. ముసలాయన కడుపు మళ్ళా గుర్రుమనింది. ఏమీ లేని కడుపు చప్పుడు, ఇద్దరికీ ఇనబడింది.

"ఇంగా తిను."

ఇంగో ముద్ద ఏసుకోని, సగానికి వచ్చినాడు. చెయ్యి దాని మింద పెట్టి అట్లే ఉండిపోయినాడు. సాబు ఎండిపోయిన పెదాల దిక్కు చానాసేపు చూసినాడు.

"మీకు నిండదు సామీ. నేనెంత తిన్నా."

"నీ కడుపేమంటాంది?"

"చాలంటాంది."

"ఎప్పటి నుంచి?"

"ఆయమ్మ పోయినప్పటి నుంచీ అంటానే ఉండాది సామీ."

 ఎంగిలి చెయ్యి అట్లే మొగానికి అడ్డం పెట్టుకోని ఏడ్చినాడు. ఏడ్చి ఏడ్చి అడిగినాడు.

"మరి ఆమెకెవరు పెడతారు సామీ?"

సాబు తన ఖాళీ కడుపు మింద చెయ్యి పెట్టుకున్న్యాడు.

"ఎవరమూ పెట్టలేమప్పా" అన్న్యాడు.

కుండలో మిగిలిన సంగటి ఎడమచేత్తో తెడ్డు పట్టి తీసి ఓబులేసు గురువు ముందర పెట్టినాడు. తన తట్టలో సగం తిన్న ముద్ద అట్లే ఉండాది. చెంబు వంచి, దాని మిందనే చెయ్యి కడుక్కున్న్యాడు.