ఉప్పు పడని నీడ

ఒకప్పుడు నీడలకు నోరుండేది. మనిషి ఒకచోట కూర్చుంటే నీడ ఇంకోచోటికి పోయి తిరిగొచ్చేది. పొద్దున్న ఎంత పొడుగో మధ్యాహ్నమూ అంతే, సాయంత్రమూ అంతే. అయినా నీడలు మాట్లాడతాయని పెద్దవాళ్లెవరికీ తెలియదు. పక్కన కూర్చున్నవాళ్ల మాటే వినరు, నేలమీద పడున్నదాని మాట ఏం వింటారు?

విన్నది ఒక్క నూకాలే.

నూకాలుకి ఆరేళ్లు. సముద్రం పక్కన ఉప్పు మడులు, ఆ మడుల మధ్య ఒకే ఒక్క తాటాకు పాక, ఆ పాకలో నూకాలూ, అమ్మ అప్పలనరసా, నాన్న దాలయ్యా. ఎటు చూసినా తెల్లటి ఉప్పు. చెట్టు లేదు. ఇంకో ఇల్లు లేదు. ఇంకో పిల్ల లేదు.

తెల్లవారగానే అమ్మా నాన్నా పొడుగు కర్రలకి బిగించిన చెక్కలు భుజాన వేసుకుని, సముద్రం వైపు మడుల్లోకి ఉప్పు లాగడానికి పోయేవారు. పోతూ పోతూ అమ్మ రోజూ అదే చెప్పేది.

"నూకాలూ, గట్టు దాటకు. మడిలో కాలెట్టకు. పాక దగ్గరే ఆడుకో."

"ఎవరితో ఆడుకోనే అమ్మా?"

"ఆడుకోడానికి మనుషులు కావాలేటే?"

కావాలి మరి. కానీ అమ్మ జవాబు కోసం ఆగితే కదా!

నూకాలు గాలిని పిలిచింది. "గాలీ, నాతో ఆడవా?"

"నాకు పనుంది. పడవలు నెట్టాలి," అంది గాలి, నిలబడకుండానే.

"సముద్రమా, నువ్వైనా ఓ కథ చెప్పవా?"

"నాకు పనుంది. వచ్చిన అలని వెనక్కి పంపాలి. పంపేలోగా ఇంకోటి వస్తుంది," అంది సముద్రం.

"సూర్యుడు మావా?"

"పనుంది పిల్లా. ఈ నీళ్లు ఎండబెట్టకపోతే మీ అమ్మ నన్ను తిట్టిపోస్తది."

ఓ ఎర్ర పీత బొరియలోంచి తల బయటపెట్టింది. పనుందని కూడా అనలేదు. మళ్లీ లోపలికి దూరిపోయింది.

నూకాలు మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది.

"నాకు ఏ పనీ లేదు," అంది పక్కనుంచి ఓ సన్నటి గొంతు.

చూస్తే, తన నీడ!

ఇక చూడండి సంబరం. నూకాలు ఏనుగంటే నీడ ఏనుగయ్యేది. పెళ్లికూతురంటే తల దించుకునేది. కోపిష్టి ముసలమ్మంటే నడ్డి వంచి, "ఏటే పిల్లా, నా గట్టు తొక్కుతావేటే!" అని అరిచేది. నూకాలు పడీ పడీ నవ్వేది.

మధ్యాహ్నం అమ్మ వచ్చి చోడి అంబలి గిన్నెలో పోసింది.

"ఇంకో గిన్నె పెట్టవే అమ్మా. మా నీడకి."

"ఓహో! ఉల్లిపాయ కూడా కావాలేటి మహారాణికి?"

"పెద్ద ముక్క కావాలంట. అంబలిలో ఉప్పు మాత్రం వద్దంట. ఉప్పంటే దానికి మంటంట."

"ఉప్పు మడుల్లో ఉంటూ ఉప్పు వద్దంటదా!" అని నాన్న పకపకా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. రెండో గిన్నె కూడా పెట్టలేదు.

నూకాలు ఏం చేసింది? ఉప్పు వేసుకోకముందే అంబలి సగం నీడ నోటి దగ్గర నేలమీద పోసేది, మిగతా సగం తను తాగేది. రోజూ అంతే. పదిహేను రోజుల్లో పిల్ల పక్కటెముకలు లెక్కపెట్టేలా అయింది.

ఓ రోజు పొద్దున్నే అమ్మ చెక్క మరిచిపోయి వెనక్కి వచ్చింది. చూస్తే పిల్ల ఒక్కతే నవ్వుతోంది, ఒక్కతే మాట్లాడుతోంది. దీనికి దయ్యం పట్టింది, అనుకుంది. పిల్లకి మాట్లాడే తోడు లేదని ఎందుకనుకోలేదో నన్నడక్కండి. దయ్యమైతే ఓ గుప్పెడు ఉప్పుతో తేలిపోతుంది కదా!

గుప్పెడు ఉప్పూ, మూడు ఎండుమిరపకాయలూ తీసింది. పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పింది. దిష్టి తీసిన ఉప్పు పొయ్యిలో వేయాలి. ఎవరైనా అదే చేస్తారు.

"అమ్మా, దయ్యం కాదే, నా నీడే! కావాలంటే అడుగు!"

"అవును పిన్నీ, నేనే," అంది నీడ.

నేలలోంచి గొంతు వినబడేసరికి అమ్మ హడలిపోయింది. "పో! నా పిల్లని వదిలి పో!" అని పిడికిట్లో ఉన్నదంతా నీడ నోట్లో కొట్టింది.

నీడ కెవ్వుమంది. ఆ తర్వాత దాని నోట ఇంకే చప్పుడూ రాలేదు. గట్ల మీదుగా పరుగో పరుగు.

ఎండలో నూకాలు నిలబడింది, నీడ లేకుండా.

"దానికి ఉప్పు పడదని చెప్పాను కదే అమ్మా," అంది. అంతే. ఆ రోజు తినలేదు, మాట్లాడలేదు. మర్నాడూ అంతే. నాన్న బతిమాలాడు. అమ్మ బెదిరించింది. పిల్ల పాక గుంజకి ఆనుకుని దూరంగా చూస్తూ ఉండిపోయింది.

మూడోరోజు అమ్మ చెక్క మడిలో పారేసి సూర్యుడి మీదికి లేచింది. "నా పిల్ల నీడ ఎక్కడుంది?"

"నాకు పనుం..."

"నీ పని మండిపోనూ! పిల్ల నాకు దక్కేలా లేదు!"

"చివరి గట్టు మీద," అన్నాడు సూర్యుడు, బుద్ధిగా. "మూడు రోజులుగా ఒక్కతే కూర్చుంది."

అమ్మను చూడగానే నీడ భయంతో ముడుచుకుపోయింది. అమ్మ రెండు అరచేతులూ విప్పి చూపించింది. "చూడు, ఏమీ తేలేదు." గట్టు మీద చతికిలబడింది. "నీ నోరు పాడు చేశాను. తప్పు నాది. అయినా రా తల్లీ. నువ్వు రాకపోతే దాంతో మాట్లాడేవాళ్లెవరు?"

ఆ ప్రశ్నకి జవాబు తనే.

"నేనే మాట్లాడాలి," అంది, గొంతు తగ్గించి. "ఈ ఉప్పు పని నన్ను రోజంతా మాట్లాడనివ్వదు. అంబలి తాగినంతసేపు మాత్రం కూర్చుంటాను. మీ ఇద్దరి దగ్గరా."

మిట్టమధ్యాహ్నానికి నీడ తిరిగొచ్చింది. కానీ అమ్మ చేతులంటే బెరుకు పోలేదు. చిన్నగా ముడుచుకుని నూకాలు పాదాల కిందికి దూరి కూర్చుంది. అమ్మ రెండు గిన్నెలు పెట్టింది. రెండో దాంట్లో ఉప్పు లేదు, ఉల్లిపాయ పెద్ద ముక్క ఉంది.

నూకాలు తాగింది. తాగుతూ ఏనుగు కథంతా చెప్పింది. అమ్మ వింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా వింది. తర్వాత లేచి, చెక్క భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

అమ్మ వెళ్లాక నీడ మెల్లగా పాదాల కిందినుంచి బయటికి వచ్చింది. పొద్దు వాలేకొద్దీ సముద్రం వైపు సాగింది, ఇంకా సాగింది.

"ఏం చూస్తున్నావే?" అంది నూకాలు.

నీడ పలకలేదు. పలకలేదు కానీ, నూకాలుకి తెలుసు. అమ్మ ఇంకా ఎంత దూరంలో ఉందోనని చూస్తోంది.

అప్పటినుంచే నీడలు మనుషుల్ని వదిలి ఎక్కడికీ పోవు. మిట్టమధ్యాహ్నం ముడుచుకుని పాదాల కిందికి చేరతాయి, సాయంత్రం మెడలు సాచి దూరంగా చూస్తాయి. నోరు మాత్రం లేదు. కావాలంటే మీ నీడతో ఏదైనా చెప్పి చూడండి. బదులివ్వదు. కానీ పనుందని లేచిపోదు.