కంపభూపాలుడి ఒక్క నోటి శాసనం

ఎక్కడని అడక్కండి గానీ, ఒకానొక రాజ్యంలో కబురు మోసే హక్కు ఒక్కరికే ఉండేది. ఆయన అంచెల అధికారి మాచనామాత్యుడు. ఆయన మనుషులు తప్ప మరెవరైనా ఒక ఊరి కబురు ఇంకో ఊళ్ళో చెబితే చెరసాలే.

వాళ్ళను కాదంటే జనానికి ఇంకో దిక్కు లేదు. ఇక అంచెవాళ్ళకు తొందరేముంటుంది? దారిలో చుట్టాలింట భోంచేసి, కునుకు తీసి, తీరిగ్గా నడిచేవాళ్ళు. పెళ్ళిపిలుపు చేరేసరికి పెళ్ళికూతురికి సీమంతం కూడా అయిపోయేది.

జనం మొరపెట్టుకుంటే కంపభూపాలుడు మీసం దువ్వేవాడు. "రాజ్యానికి ఒక్క రాజు, కబురుకు ఒక్క నోరు! పది నోళ్ళయితే గందరగోళం."

రాజు మంచివాడే. తన మాటంటే తనకు మరీ ముద్దు, అంతే.

అలా ఉండగా మహారాణి తొలికాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. నెలలు నిండాయి. కబురు లేదు. రాజుకు అన్నం సయించలేదు. సభలో మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తుంటే, పాపం, అందరికీ జాలేసేది.

ఒకనాడు విదూషకుడు కొండుభట్టు తిన్నగా వచ్చి రాజు నోట్లో బెల్లంముక్క పెట్టాడు.

రాజు ఉలిక్కిపడ్డాడు. "కొండూ! రాణి ప్రసవించిందా?"

"నేనేమీ అనలేదు ప్రభూ. బెల్లం పెట్టాను. బెల్లానికి నిషేధం లేదు కదా?"

"నీకెవరు చెప్పారు?"

"రాణిగారి పుట్టింటి ఊరి నుంచి గాజుల మల్లక్క వచ్చింది. ఏం చెప్పిందో మాత్రం అడగకండి. ఆమెకూ చెరే, నాకూ చెరే."

"ఆడా, మగా? అదొక్కటీ చెప్పవయ్యా!"

"అది కబురు ప్రభూ," అంటూ కొండుభట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"సరే, నీకు అనుమతి ఇచ్చాను. చెప్పు!"

"నాకొక్కడికే ఇస్తే మాచనగారి పక్కన నేనూ కునుకు తీస్తాను. అసలే బద్ధకస్తుణ్ణి. కబురు ఎవరైనా మోయవచ్చు, ఎవరితో పంపాలో పంపేవాళ్ళ ఇష్టం అని సెలవియ్యండి."

"గందరగోళం అవుతుందయ్యా!"

"ఇప్పుడు తమ మనసులో ఉన్నదానికంటేనా ప్రభూ?"

రాజు గబుక్కున సింహాసనం దిగాడు. "శాసనం రద్దు! కాళ్ళున్న ప్రతివాళ్ళూ మోయవచ్చు. ఇక చెప్పు నాయనా!"

"ఆడపిల్ల! ముక్కు అచ్చం తమదే. తల్లీబిడ్డా క్షేమం."

రాజు నిండుసభలోనే కళ్ళు తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే మాచనామాత్యుడు రొప్పుతూ వచ్చాడు. "శుభవార్త ప్రభూ! మహారాణివారు పుట్టింటికి సుఖంగా చేరుకున్నారు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కొండుభట్టుకు తన పట్టుశాలువా కప్పాడు. మల్లక్కను పిలిపించి చేతి కంకణం తీసి ఇచ్చాడు.

"ఇప్పుడు రాణికి నా జవాబు ఎవరు పట్టుకెళతారు?"

"నేనటే పోతన్నా దొరా," అంటూ మల్లక్క గాజుల మలారం భుజానికెత్తుకుంది.

మాచనామాత్యుడు ఆమెను చూశాడు, రాజును చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పంచె ఎగ్గట్టి, జవాబేమిటో కూడా వినకుండానే పరుగందుకున్నాడు.