వెనక్కి చూడని తాతబాబు

అనగనగా ఒక ఊళ్ళో, గోనెసంచులు నేసే మిల్లు పక్కన, ఒక ఫుట్‌బాల్ మైదానం ఉండేది. ఆ మైదానానికో రాజుండేవాడు. కిరీటం లేదు, గుర్రం లేదు. రెండు కాళ్ళుండేవి, అంతే. ఆయన పేరు తాతబాబు. పేరు విని ముసలాడనుకునేవు, పుట్టినప్పుడే పెట్టిన పేరది.

బంతి తాతబాబు కాలికి తగిలిందంటే గోలు పడ్డట్టే. అవతలి ఊరి గోలీ అటు దూకితే బంతి ఇటు పోయేది. ఇటు దూకితే అటు పోయేది. దూకకుండా నిలబడితే వాడి కాళ్ళ మధ్యనుంచి పోయేది. అలా పన్నెండేళ్ళు ఏలాడు.

ఆ తర్వాత ఒక వానాకాలం బురదలో జారి మోకాలు మడతపడింది. కట్టు కట్టారు, పసరు రాశారు, పట్నం తీసుకెళ్ళి చూపించారు. నడక వచ్చింది గాని పరుగు రాలేదు.

పరుగు లేనివాడికి మైదానంలో పనేముంది? మిల్లు గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. గేటు తియ్యడం, గేటు వెయ్యడం. గోడ అవతలినుంచి బంతి చప్పుడు వినబడినప్పుడల్లా, ఆయన కూర్చున్నచోటే ఉండి, ఆయన ప్రాణం మాత్రం గోడెక్కి చూసొచ్చేది.

అప్పుడు మిల్లులో పెద్ద, అప్పన్న మేస్త్రీ, ఒక ఈల తెచ్చి తాతబాబు మెడలో వేశాడు.

"ఇవాళ్టినుంచి మన కుర్రాళ్ళకి కోచ్‌వి నువ్వే. ఆడినవాడికి తెలియంది ఇంకెవడికి తెలుస్తుంది? మూడు మ్యాచ్‌లున్నాయి. ఒక్కటి గెలిచావా, ఈల నీది. మూడూ ఓడావా, ఈల నాకిచ్చి గేటు దగ్గరికి పో."

తాతబాబు ఆ పూట ఈల మెడలో ఉండగానే అన్నం తిన్నాడు.

తెల్లారి పదకొండుమందినీ వరసగా నిలబెట్టాడు. "చూడండిరా, ఇందులో ఏం లేదు. బంతి ఎక్కడికొస్తుందో అక్కడికి పొండి."

వాళ్ళలో గౌరీసని ఒక పెంకివాడున్నాడు. "ఎక్కడికొస్తుంది మామా?"

"వచ్చేచోటికే వస్తుంది."

"అది మాకెలా తెలుస్తుంది?"

"మీకెందుకురా తెలియడం, కాలికి తెలుస్తుంది."

పదకొండుమందీ కిందికి చూసి తమ కాళ్ళకేసి చూసుకున్నారు. ఏ కాలూ ఏమీ చెప్పలేదు.

మొదటి మ్యాచ్ నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయారు.

తాతబాబుకి అర్థం కాలేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు గదా, మరి మింగరేం? వీళ్ళ ఒళ్ళు వంగడం లేదు, అదీ సంగతి అనుకున్నాడు. అప్పుడు ఇంకో ఉపాయం చేశాడు. చిన్నప్పుడు తను ఏం తిన్నాడో అదే పెట్టాడు, ఎక్కడ పరిగెత్తాడో అక్కడే పరిగెత్తించాడు. పొద్దున్నే ఒక్కొక్కడికీ రెండేసి ముంతల చోడంబలి, అదే రాగంబలి. ఆ తర్వాత ఏటి ఇసుకలో వట్టికాళ్ళతో పరుగు.

రెండో మ్యాచ్ రోజున కూడా అంబలి మానిపించలేదు. సగం ఆటలో ఒకడు మైదానం మధ్యన చతికిలబడి, "నేను కదిలితే అంబలి కదుల్తోంది మామా" అన్నాడు.

ఆ మ్యాచ్ అయిదు గోల్స్ తేడాతో పోయింది.

ఇక మిగిలింది ఒక్కటే. తాతబాబు ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. పెళ్ళాం నరసమ్మ చేపలు తోముతోంది. నోరూ కత్తిపీటా ఒకే పదునుగా ఉంచుకునే మనిషి.

"నా కాలంలో బంతి దానంతటదే వచ్చేది నరసా. ఇప్పుడు రావడం లేదు. బంతులు మారిపోయాయంటావా?"

"నువ్వేమన్నా బంతికి మేనమామవా, దానంతటది వెతుక్కుంటూ రావడానికి? ఎవడో పంపుంటాడు."

"ఎవడు?"

"నన్నడుగుతావేం? ఆడింది నేనా? పన్నెండేళ్ళు గోలు కొట్టానని వచ్చి చెప్పావు. బంతి ఫలానావాడిచ్చాడని ఒక్కనాడన్నా చెప్పావా?"

తాతబాబు చెబుదామని నోరు తెరిచాడు. ఒక్క పేరూ రాలేదు. ఆడేటప్పుడు ఎదర గోలు కనబడేది. వెనక ఎవరున్నారో ఏనాడూ తిరిగి చూడలేదు. తెరిచిన నోరు అలాగే ఉంచుకుని ఊళ్ళోకి బయల్దేరాడు.

ముందు పాత గోలీ దగ్గరికెళ్ళాడు. ఆయనకిప్పుడు టీ కొట్టుంది. "నాకేం తెలుసన్నా, నాకు నీ వీపు కనబడేది. అదీ దూరంగా" అన్నాడు.

ఆ తర్వాత ఎడమపక్క కాపు కాసినవాడి దగ్గరికెళ్ళాడు. ఆయన మంగలి షాపులో కత్తెర పట్టుకుని ఉన్నాడు. "ఎవరిచ్చారో తెలియదు గాని, నీకిచ్చింది మాత్రం తిరిగి ఎవరికీ రాలేదు" అన్నాడు. గడ్డం చేయించుకుంటున్నాయన కూడా నవ్వాడు.

ఆ తర్వాత, తనతోపాటే ఆడిన దాలినాయుడి ఇంటికెళ్ళాడు. దాలినాయుడికి మిల్లు ధూళి పీల్చి పీల్చి ఆయాసం పట్టుకుంది. ఇంటి దగ్గరే కూర్చుని గోనెసంచులకి మూతి కుడుతున్నాడు.

"దాలీ, నాకు బంతి ఎవరిచ్చేవారు?"

దాలినాయుడు దబ్బనం ఆపి, మొహంలోకి చూశాడు. "ఎగతాళా?"

"కాదురా. తెలియకే."

"నేనే ఇచ్చేవాణ్ణి."

"ఎన్నిసార్లు?"

"వచ్చినన్నిసార్లూ."

తాతబాబుకి సిగ్గుపడాలో, దొరికాడని సంతోషించాలో తెలియలేదు. రెండూ కలిపి చేశాడు. "అయితే నువ్వు రా. ఎలా పంపేవాడివో కుర్రాళ్ళకి చెబుదువుగాని."

"ఎలా ఏముందిరా? నువ్వెటు పోతావో తెలిసేది. పంపేవాణ్ణి."

"ఎలా తెలిసేది?"

దాలినాయుడు దబ్బనంతో తల గోక్కున్నాడు. "తెలిసేది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ తెలుసు. ఏం తెలుసో మాత్రం ఇద్దరికీ తెలియదు.

చెప్పడం చేతకాక, ఇద్దరూ మైదానానికెళ్ళి ఆడి చూపిద్దామనుకున్నారు. ఆడడానికి మాత్రం ఏముంది? ఒకడికి మోకాలు లేదు, ఒకడికి ఊపిరి లేదు. పరుగెత్తాల్సిన ఆటని నడిచి ఆడారు. దాలినాయుడు నాలుగడుగులేసి ఆగి దగ్గేవాడు. తాతబాబు కుంటుకుంటూ అయిదడుగులేసేవాడు. కుర్రాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకుని కిసుక్కున నవ్వారు.

గౌరీసు మాత్రం నవ్వలేదు. "ఆగండాగండి. మళ్ళీ ఒకసారి."

మళ్ళీ నడిచారు.

"మామా, నువ్వు కుడికి పోయే ముందు ఎడమకి ఒక అడుగేశావు."

"నేనా? వెయ్యలేదు."

"వేశావు."

"వేశావురా తాతబాబూ" అన్నాడు దాలినాయుడు. "ఎప్పుడూ వేసేవాడివే. ఆ ఎడమ అడుగు పడిందంటే బంతి కుడికి పంపాలి. అదే నేను చూసేది." ఆ తర్వాత ఆయన మొహం కూడా వెలవెలబోయింది. "ఇప్పుడు చెప్పాను గదా. ఇందాక ఎందుకు చెప్పలేకపోయాను?"

తాతబాబు తన ఎడమకాలిని కొత్త చుట్టాన్ని చూసినట్టు చూశాడు. పన్నెండేళ్ళు మోసుకు తిరిగినవాణ్ణి ఒక్క మాట అడక్కుండా, ఎదుటివాళ్ళని మోసం చేస్తూ వచ్చింది అది. పరుగున్నన్నాళ్ళూ ఆ అడుగు ఎవరికీ కనబడలేదు. పరుగు పోయాక కనబడింది. ఇది లాభమో నష్టమో ఆయనకి లెక్క తెగలేదు.

అప్పట్నుంచి కుర్రాళ్ళంతా రోజూ ముందు నడిచి ఆడారు. ఆ తర్వాత కాస్త జోరుగా నడిచారు. ఆ తర్వాత పరిగెత్తారు.

మూడో మ్యాచ్ వచ్చింది. ఊరంతా గోడెక్కింది. అవతలివాళ్ళు ముందే ఒక గోలు కొట్టేశారు. తాతబాబు గీత బయట నిలబడి చెమట్లు కక్కాడు. ఇంకాసేపట్లో అయిపోతుందనగా బంతి గౌరీసుకి దొరికింది. అవతలివాడు పొట్టేలులా మీదికొచ్చాడు. ఏం జరిగిందో ఎవరూ సరిగ్గా చూడలేదు. చూసేసరికి పొట్టేలు ఎటో పోయింది, బంతి గోల్లో ఉంది.

ఒకటికి ఒకటి. ఆట అయిపోయింది.

ఇప్పుడు వచ్చింది అసలు తంటా. ఒక్కటి గెలిస్తే ఈల నీదన్నాడు మేస్త్రీ. గెలవలేదు. మూడూ ఓడితే ఇచ్చెయ్యమన్నాడు. మూడూ ఓడలేదు. సగం ఊరు "అంత ఆటగాడికి కోచ్ పని రాదని తేలిందిగా" అంది. సగం ఊరు "వచ్చిందని తేలిందిగా" అంది. టీ కొట్టు దగ్గర ఒకాయన పొద్దున ఒక మాటా సాయంత్రం ఒక మాటా అన్నాడు. అప్పన్న మేస్త్రీ మూడు రోజులు బుర్ర గోక్కుని, నాలుగో రోజు ఈల తీసేసుకుందామని మైదానానికి బయల్దేరాడు. అన్న మాట అన్న మాటే గదా, గెలవలేదు గదా అని.

మైదానంలో తాతబాబు తను కోచో కాదో తెలియకుండానే నిలబడున్నాడు. గౌరీసు ఆయన ముందు తల వంచుకుని ఉన్నాడు.

"మామా, నిన్నొకటి అడగాలి. ఆ గోలు నేనెలా కొట్టానో నాకు తెలియడం లేదు. నువ్వు చూశావా?"

"చూశాను."

"ఎడమ అడుగేశానా?"

"లేదురా. నువ్వసలు అడుగే వెయ్యలేదు. ఆగిపోయావు. నువ్వు వస్తావనుకుని వాడు నిన్ను దాటి పోయాడు. అది నాది కాదు, దాలిగాడిదీ కాదు. నా బతుకులో నేనెప్పుడూ ఆగలేదు."

"మరి నేనెందుకాగాను?"

"నాకూ తెలియడం లేదురా నాయనా. మళ్ళీ చెయ్యి, చూస్తాను. ఈసారి నడుస్తూ చెయ్యి."

గౌరీసు నడిచాడు. తాతబాబు మోకాలు నొప్పెడుతున్నా గడ్డిలో కూర్చుని, వాడి కాళ్ళకేసే చూస్తున్నాడు. గట్టు మీద అప్పన్న మేస్త్రీ చెయ్యి చాచబోయి, వచ్చిన పని మర్చిపోయి, తనూ వంగి ఆ కాళ్ళకేసే చూడ్డం మొదలెట్టాడు.

ఏమిటే, బాగా ఆడినవాడు బాగా నేర్పుతాడా నేర్పడా అంటావా? ఆ ఊరి పెద్దలకే తేలలేదు, నాకేం తేలుతుంది? కళ్ళు మూసుకో.

బంతి దొర్లె బయలుకి,
ఆట అలిసె కాళ్ళకి,
కథ నడిచె కంచికి,
నిద్దర రావే కంటికి.