రెండింటికీ ఒకే యాంప్లిఫైయర్

అడిగిన పూట జవాబు చెప్పే అలవాటు అనంతశయనంగారికి లేదు. శిష్యుడు ప్రశ్న అడిగితే శ్రద్ధగా వినేవారు, తల ఊపేవారు, వీణ గవిసెన తీసి పాఠం మొదలుపెట్టేవారు. జవాబు ఏ వారానికో ఒక పని రూపంలో వచ్చి శిష్యుడి నెత్తిన పడేది. పడ్డాక కొందరు అలిగి మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ముకుందం తొక్కాడు గనక ఈ సంగతి చెప్పుకోవడానికి మిగిలింది.

ముకుందం ఆయన దగ్గర పదేళ్ళుగా వీణ నేర్చుకుంటున్నాడు. పొట్ట గడిచేది మాత్రం వీణతో కాదు, వీడియోలతో. మార్కెట్లోకి వచ్చిన హెడ్‌ఫోన్లన్నీ చెవికి పెట్టుకుని, ఇది బాగుంది, అది బాగాలేదని చెప్పడం అతని వృత్తి. విజయనగరంలో కూర్చుని అతను ఒక్క మాట అంటే హైదరాబాదులో కొనేవాడు కొనేవాడు, మానేవాడు మానేవాడు. చెవి మంచిదే, కాదనడానికి లేదు. చెవి మంచిదైనవాడు విన్నదల్లా నిజమనుకోవడం దగ్గరే వస్తుంది చిక్కంతా.

అదే ఊళ్ళో ఖాదర్‌వలీ అని ఒకాయన ఉన్నాడు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతూ చెబుతూ ఆ ఉద్యోగం మానేసి, భార్య మస్తానీతో కలిసి రెండు గదుల్లో హెడ్‌ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. అవి ప్లానార్ రకం. మామూలు హెడ్‌ఫోనులో చిన్న గిన్నెలాంటి పొర అదురుతుంది. ఇందులో అలా కాదు. ఉల్లిపొరకన్నా పల్చటి పొరని బల్లపరుపుగా, అయస్కాంతాల మధ్య బిగించి కడతారు, పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. ఆ నాదం రుచి మరిగినవాళ్ళు మళ్ళీ మామూలువాటి జోలికి పోరు. అయితే ఈ రకంలో కొన్ని ఫోనుకి తగిలించినా పలుకుతాయి, కొన్నిటికి దమ్మున్న యాంప్లిఫైయర్ కావాలి. ఖాదర్‌వలీ చేసినది ఆ రెండో జాతిది. ముకుందం చేతికిస్తూనే ఆ మాట చెప్పాడు కూడా. "సార్, దీనికి కాస్త బలమైన యాంప్లిఫైయర్ ఉంటే బాగుంటుందండి," అన్నాడు. ముకుందం తల ఊపాడు. తల ఊపడానికేం, గంగిరెద్దూ ఊపుతుంది.

ఆ తర్వాత చేసిన ఘనకార్యం వినండి. ముకుందం దగ్గర అరచేతిలో ఇమిడిపోయే యాంప్లిఫైయర్ ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి దాంతోనే వింటాడు, దాంతోనే తీర్పులిస్తాడు. ఖాదర్‌వలీ హెడ్‌ఫోనునీ, దానికి దీటైన ఒక విదేశీ హెడ్‌ఫోనునీ ఆ చిన్నదానికే తగిలించి పోల్చాడు. విదేశీది తేలిగ్గా పలికే జాతిది, ఆడుతూ పాడుతూ పలికింది. ఖాదర్‌వలీది చివరిదాకా వాల్యూం తిప్పితే గానీ నోరు విప్పలేదు. విప్పాక కూడా మృదంగం దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టు వినబడింది. ఇంత పెద్ద అరకకి మేకపోతుని కట్టి, నేల దున్నడం లేదని అరకని తిట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ముకుందం మాత్రం ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "పొందిక ఉంది, ప్రాణం లేదు" అని వీడియోలో చెప్పి, చేతులు దులుపుకున్నాడు.

కొంటామన్నవాళ్ళు ఒక్కొక్కరే మొహం చాటేశారు. మస్తానీ పొరలు బిగించడం ఆపేసింది. చేసిపెట్టిన చట్రాలు గోడవారగా పేరుకుపోయాయి. ఇంకొన్నాళ్ళు చూసి ఆ రెండు గదులూ ఖాళీ చేద్దామనే మాట మొగుడూ పెళ్ళాల మధ్య వచ్చేసింది. ఒక మనిషి తిన్నగా వినని పాపానికి ఇంకో ఇద్దరి చేతుల్లో పని పోవడమంటే చిన్న సంగతా?

అప్పుడు ఖాదర్‌వలీ నేరుగా అనంతశయనంగారి ఇంటికే వచ్చాడు, పాఠం వేళ ముకుందం అక్కడే ఉంటాడని తెలిసి. కోప్పడలేదు. గుమ్మంలో నిలబడి, "ఏ యాంప్లిఫైయర్‌తో విన్నారు సార్?" అని అడిగాడు. ముకుందం చెప్పాడు. ఖాదర్‌వలీ మొహం పాలిపోయింది.

"అది దీనికి చాలదండి. నాది తెమ్మంటే తెస్తాను. నాది వద్దంటే, బలమైనది మీకు నచ్చింది ఏదైనా పెట్టండి. ఇంకొక్కసారి వినండి సార్."

ముకుందానికి ఒళ్ళు మండింది. "ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికి. మీ వస్తువు పలకకపోతే నా యాంప్లిఫైయర్‌ది తప్పా? నేను విన్నదే చెప్పాను," అన్నాడు. ఖాదర్‌వలీ గురువుగారికి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా కూడా ముకుందం ఆగలేకపోయాడు. "చూశారా గురువుగారూ, ఎంత నిష్ఠూరమో! రెండింటికీ ఒకే యాంప్లిఫైయర్ పెట్టాను, ఒకే పాట విన్నాను, ఒకే కుర్చీలో కూర్చుని విన్నాను. ఒకరికో కొలతా ఇంకొకరికో కొలతా పెడితే కదా పక్షపాతం? అందరికీ ఒకే కొలత పెట్టడం అన్యాయమెలా అవుతుందండీ?"

అనంతశయనంగారు ఎప్పటిలాగే శ్రద్ధగా విన్నారు. తల ఊపారు. "నిన్నటి వర్ణం ఒకసారి వాయించు," అన్నారు.

ఆ ఊళ్ళో శ్రోతల సంఘం అని ఒకటుంది. అనంతశయనంగారు పెట్టిందే. పదిమంది కూడి కచేరీలు వింటారు, విన్నాక మాట్లాడుకుంటారు. సంఘంలో ఒకటే కట్టుబాటు. చెవిన పడ్డదే చెప్పాలి, మర్యాద కోసం ఒక్క మాటా కలపకూడదు. ఏటా వసంతకాలంలో సంఘం తరఫున గురువుగారి శిష్యుల్లో ఒకరికి నిండు కచేరీ ఇచ్చేవారు. ఈ ఏడు ఆ పీట తనదేనని ముకుందానికి గట్టి నమ్మకం. ఊళ్ళో సగంమందికి చెప్పేసుకున్నాడు కూడా.

వారం తిరక్కుండానే గురువుగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆదివారం పొద్దున్న ముకుందమూ సింహాద్రీ ఇద్దరూ రావాలి, కచేరీ ఎవరిదో సంఘం విని తేలుస్తుంది అని. సింహాద్రి సన్నాయి వాయిస్తాడు, కృతులు నేర్చుకోడానికి గురువుగారి దగ్గరకి వస్తుంటాడు. వాళ్ళిద్దరూ స్నేహితులే. తీరా వెళ్ళి చూస్తే ఏర్పాటు వింతగా ఉంది. వాయించేవాళ్ళకి గురువుగారి ముందుగదిలో చాప వేశారు. వినేవాళ్ళకి వీధికి అవతల, ఎదురింటివాళ్ళ అరుగు మీద కుర్చీలు వేశారు. మధ్యలో వీధి. ఆ వీధికి చివర రైతుబజారు. మైకు లేదు.

"ఇద్దరూ మోహన రాగమే వాయించండి. చెరో పావుగంట," అన్నారు గురువుగారు.

"మైకు పెట్టిద్దామా గురువుగారూ?" ముకుందం అడిగాడు.

"ఇద్దరికీ లేదు కదా," అని ఆయన వీధి దాటి అరుగెక్కి కూర్చున్నారు.

సింహాద్రి సన్నాయి ఎత్తగానే వీధి వీధంతా మోహనమైపోయింది. కూరల బండి తోసుకుపోయే ఆమె బండి ఆపి మరీ విన్నది. తర్వాత ముకుందం కూర్చున్నాడు. ఆ పూట అతను వాయించిన మోహన మామూలుది కాదు. మీటు మీద మీటు, గమకం మీద గమకం, పదేళ్ళ సాధనంతా వేళ్ళలోకి దిగింది. ఏం లాభం? వీధిలో ఒక ఆటో పోయింది, దాని వెనక ఇంకో ఆటో పోయింది, తోపుడుబండివాడు వంకాయలో అని కేకేశాడు. అరుగు మీదివాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. ముకుందం వేళ్ళు కదలడం కనిపిస్తోంది తప్ప వాళ్ళకి ఇంకేమీ అందడం లేదు.

ఆ సమయంలో ఖాదర్‌వలీ కూడా ఆ అరుగు మీదే ఉన్నాడు. తన హెడ్‌ఫోను తీసుకుపోదామని ముకుందానికి ఫోను చేస్తే, ఆదివారం ఇక్కడికి రమ్మన్నాడు. కాసేపు చూసి, అతను లేచి, ఆటోలకి అడ్డం తప్పుకుంటూ వీధి దాటి వచ్చి, చెప్పులు విప్పి, ముందుగది గడప పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తన పాట్లు చూసి నవ్వుకోవడానికే దగ్గరికి వచ్చాడనుకుని ముకుందం పళ్ళు కొరుక్కుంటూ వాయింపు ముగించాడు.

గురువుగారూ సంఘంవాళ్ళూ ఇవతలికి వచ్చారు. "ఏం విన్నారమ్మా?" అని ఆయన రాజేశ్వరమ్మగారిని అడిగారు. ఆవిడ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, సంఘానికి పెద్ద. ముకుందమంటే ఆవిడకి అభిమానమే. కానీ కట్టుబాటు కట్టుబాటే.

"సన్నాయి దివ్యంగా ఉందండి. వీణ మాత్రం..." ఆవిడ కొంచెం ఇబ్బంది పడింది. "అక్కడక్కడా ఏదో వినబడింది. వినబడినంతలో ప్రాణం లేదు. ఏమీ అనుకోకు బాబూ."

వీణకి గవిసెన కూడా తొడక్కుండా ముకుందం లేచి నిలబడ్డాడు. పదేళ్ళలో గురువుగారి ఎదుట ఎన్నడూ గొంతెత్తనివాడు ఆ రోజు ఎత్తాడు.

"ప్రాణం లేదా? ఇదేం పరీక్షండీ గురువుగారూ? సన్నాయి ఊరేగింపుల్లో వాయించే వాద్యం. నాలుగు వీధుల అవతలకి వినబడటానికే పుట్టింది. వీణ అలాంటిదా? దాని ముందు కూర్చుని వినాలి, లేకపోతే మంచి మైకైనా పెట్టాలి. వంకాయల కేకల మధ్య, వీధికి అవతల కూర్చుని ప్రాణం లేదంటే ఎక్కణ్ణుంచి వస్తుంది ప్రాణం? వేళ్ళు కాయలు కాసేలా సాధన చేశాను. ఇది మీకు తెలియదా? తెలిసి ఇంత అన్యాయం చేస్తారా?"

"ఒకే గది," అన్నారు గురువుగారు, "ఒకే దూరం, ఒకే రాగం. ఇందులో పక్షపాతం ఎక్కడుంది నాయనా?"

"ఒకటే అయితే న్యాయమైపోతుందా? ఏ వాద్యానికి ఏం కావాలో చూడక్కర్లేదా? నేను నోరు తెరిచి అడిగాను కదా, మైకు కావాలని. అడిగినా కూడా..."

గడప పక్కన ఖాదర్‌వలీ ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు. ముకుందం చూపు అతని మీద పడి, అక్కణ్ణుంచి తిరిగి రావడానికి దారి దొరకలేదు. మొహమంతా ఎర్రబడింది. ఆ ఎరుపు మొదట కోపంతో వచ్చిందే. తర్వాతిది కోపం కాదు, సిగ్గు.

గురువుగారు అతని వంక చూడకుండా ఖాదర్‌వలీ వైపు తిరిగారు. "నువ్వేం విన్నావు బాబూ?"

ఖాదర్‌వలీ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "అవతల ఏమీ అందలేదండి, అందుకే దగ్గరికొచ్చాను. మంద్రంలో ఒకచోట మీటు కొంచెం తడబడింది. పై స్థాయికి వెళ్ళి మెల్లిగా దిగివచ్చారు చూశారా, అక్కడ నాకు ఊపిరి ఆగిపోయిందండి. నాకు సంగీతం అంతగా తెలీదు. నేను విన్నది ఇది."

మంద్రంలో మీటు తడబడిన సంగతి ముకుందానికి తెలుసు. తనకి తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాడు.

ముకుందం చేతిసంచీలో ఖాదర్‌వలీ హెడ్‌ఫోను ఉంది. దాన్ని పైకి తీసి, ఇవ్వబోయి, ఇవ్వలేక ఒళ్ళో పెట్టుకుని చతికిలబడ్డాడు. "ఇది ఇంకొన్నాళ్ళు నా దగ్గర ఉండనివ్వండి ఖాదర్‌గారూ," అన్నాడు. "మీరన్నట్టే బలమైన యాంప్లిఫైయర్ ఒకటి తెప్పిస్తాను." తర్వాత గురువుగారి కేసి తిరిగాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. "తప్పు దిద్దుకుంటానండీ. ఈసారి వీడియోలో చాలా బాగుందనే చెబుతాను."

అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న అనంతశయనంగారికి అప్పుడొచ్చింది అసలు కోపం.

"పొగడమని నిన్నెవరడిగారు? అతను వినమన్నాడు."